బొంబాయి దుకాణంలో ఆడవాళ్ల అర్ర

కొల్లాపూర్‌లో రాములమ్మ ఇల్లెక్కడని అడిగితే చెప్పేవాళ్లు తక్కువ. బొంబాయి దుకాణం రాములమ్మ అంటే మాత్రం బస్సు దిగిన కొత్తవాణ్ని కూడా వెంటబెట్టుకుని తీసుకొచ్చి ఆమె ముందు నిలబెడతారు, నిలబెట్టినందుకు తామూ ఒక ముంత కల్లు తాగి మరీ పోతారు. నలభై అయిదు దాటిన మనిషి. పొడుగాటి చేతులు, పొదుపు మాట. గౌడుల సొసైటీ వాళ్ల కల్లు దుకాణంలో డబ్బుల గల్ల దగ్గర కూర్చుని కల్లు పోయడం ఆమె పని. ఊళ్లో సగం మంది ముఖాలు ఆమెకు తెలియవు గానీ చేతులు మాత్రం అందరివీ తెలుసు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ దుకాణం సంగతి చెప్పుకోవాలి.

సంస్థానం రోజుల్లో కల్లు గుత్తకు పట్టిన ఆసామి ఒకాయన కోర్టు పని మీద బొంబాయి పోయాడట. అక్కడ ఎవరో దోస్తు పుణ్యమా అని తెల్లదొరలు తాగే పెద్ద దుకాణంలో అడుగుపెట్టాడు. లోపల ఎంతసేపున్నాడో ఎవరికీ తెలియదు. ఒక గ్లాసు తాగేంతసేపు అంటారు కొందరు, బయటికి గెంటించుకునేంతసేపు అంటారు ఇంకొందరు. ఎంతసేపైతేనేం, ఆ దుకాణాన్ని మొత్తం కళ్లలో పెట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే మేస్త్రిని పిలిచి, చేతులు గాలిలో తిప్పి తిప్పి చూపించి, అచ్చం అలాంటిదే తనకిక్కడ కట్టాలన్నాడు. మేస్త్రి బొంబాయి ఎరగడు, గుత్తేదారుకు బొమ్మ గీయడం రాదు. ఆ చేతుల తిప్పుడులోంచి లేచిన కట్టడమే ఇది.

రెండు వీధులు కలిసే మూలను కోసేసి ఆ కోతలో దర్వాజ పెట్టారు. వాస్తు చూసే అయ్యగారు అది చూసి అన్నం మానేసినంత పని చేశాడట. లోపల హాల్లో పోతపోసిన ఇనుప స్తంభాలు. బొంబాయిలో రైలెక్కి, రైలు దిగాక ఎడ్లబండ్లెక్కి వచ్చాయి. ప్రతి స్తంభం తల మీదా ఆకులు, ఆకుల నడుమ గుత్తులు గుత్తులుగా పండ్లు. అవి ద్రాక్షపండ్లు. అప్పటికి ఈ ఊళ్లో ద్రాక్ష చూసినవాడు లేడు కనుక అందరూ కలిసి అవి ఈతపండ్లని తీర్మానించుకున్నారు. ఇంగ్లీషువాడు కూడా ఈతచెట్టుకే మొక్కాడని గౌడులు ఈనాటికీ చెప్పుకుంటారు. మరి ఆకులు ఈతాకుల్లా లేవేమని అడిగి చూడండి, బొంబాయి ఈత అట్లనే ఉంటదని జవాబొస్తుంది.

బొంబాయి దుకాణంలో చలికి మంట వేసుకునే గూడొకటి గోడలో ఉందట. గుత్తేదారు అదీ పెట్టమన్నాడు, మేస్త్రి పెట్టాడు. చుట్టూ పచ్చటి పింగాణీ పలకలు, పైన సన్నటి బండ. నిప్పు అవసరం లేకుండానే మనుషులు మాడిపోయే ఊళ్లో దాన్నేం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు. ఎల్లమ్మ తల్లికి ఇంతకంటే మంచి ఇల్లు దొరకదని అందులో అమ్మవారిని కూర్చోబెట్టారు. పొగ పోవడానికి కట్టిన గొట్టంలోంచి సాంబ్రాణి పొగ పోతోంది. గల్ల ముందు నెలవంకలా తిరిగిన పాలరాతి అరుగు, దాని అడుగున జానెడెత్తులో ఇత్తడి కడ్డీ. నిలబడి తాగేవాడు కాలు పెట్టుకోవడానికట. ఒంటికాలి మీద నిలబడి తాగడానికి మనవాళ్లేమన్నా కొంగలా. బండ మీద గొంతుక్కూర్చుని తాగితేనే కల్లుకు రుచి. కనుక కడ్డీ మీద తువ్వాళ్లు ఆరేసుకుంటారు.

ఇక అసలు విషయం. ఆ అరుగు పొడవునా నల్లమల టేకుతో అడ్డచెక్కలు కొట్టి గూళ్లు చేశారు. ఒక్కో గూట్లో ఇద్దరు ముగ్గురు పడతారు. గూటికీ గల్లకూ నడుమ సరిగ్గా ముఖం ఎత్తులో మసక అద్దాలు బిగించిన చిన్న తలుపులు ఇరుసు మీద తిరుగుతాయి. తలుపు కింది సందులోంచి చెయ్యి ఒక్కటే బయటికొస్తుంది. ఆ తలుపులను ఊళ్లో రెప్పలంటారు. మందు పోసేవాడి కంట తమ ముఖం పడకూడదని బొంబాయి దొరలు వాటిని పెట్టించుకున్నారట. ఇక్కడ కల్లు పోసే మనిషితో ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మామతో, బావతో, వియ్యంకుడితో. పెద్దల ముందు తాగకూడదు. మామ కనబడితే అల్లుడు లేవాలి, ముంత వెనక దాచాలి. వియ్యంకుడు కనబడితే పిలిచి మర్యాద చేయాలి, చేయించుకున్నందుకు ఆయన మళ్లీ చేయాలి. చిన్న ఊరు, అందరూ ఎవరికో ఒకరికి అల్లుళ్లే, ఇంకెవరికో మామలే. పక్కన చెక్క అడ్డముండి, ముందు రెప్ప వాలిస్తే మాత్రం ఎవరికెవరూ ఏమీ కారు. హాయిగా తాగవచ్చు.

పక్క సందులోంచి ఇంకో చిన్న దర్వాజ ఉంది. అది ఆడవాళ్లకని కట్టిన గదిది, ఆడవాళ్ల అర్ర అంటారు. అందులో గోడ వారగా బండలు, గల్ల వైపు ఒక్క రెప్ప, పైన రంగుటద్దాల కిటికీ. మధ్యాహ్నం దాటాక నాపరాళ్ల మీద ఎరుపూ నీలమూ పరుచుకుంటాయి. మామిడితోటల్లో కాయ దింపి, గంపలు మోసి మెడలు విరిగిన ఆడవాళ్లు ఇంటికి పోయేముందు అక్కడ కాసేపు కూలబడతారు. తలా ఒక ముంత, తాజ్‌బీ అమ్మే గుడాలు. తాజ్‌బీ కల్లు ముట్టదు, ఉడికించిన శనగలూ అలసందలూ గిన్నెలో పెట్టుకుని వచ్చి ముచ్చట్ల కోసం చివరిదాకా కూర్చుంటుంది.

ఆ అర్రను ఎత్తేయాలని సొసైటీ పెద్ద కురుమూర్తికి బుద్ధి పుట్టింది. కురుమూర్తి వేరెవరో కాదు, రాములమ్మ మరిది. చెడ్డవాడు కాదు, కొత్తది ఏది చూసినా ఆగలేడు, అంతే. రెండు వేల ఏడులో, క్రికెట్ ప్రపంచకప్పు దగ్గరపడుతుండగా, నాగర్‌కర్నూల్‌లో ఏదో కొత్త బారు చూసి వచ్చి గల్ల ముందు నిలబడ్డాడు.

"వదినె, గీ గూళ్లన్నీ పీకేద్దం. గాడ చూసిన, ఒక్క అడ్డం లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాంక అందరు కనబడ్తరు."

"కనబడితే ఏమొస్తది?" అంది రాములమ్మ, ముంత కడుగుతూ.

"దుకాణం దుకాణం తీరుగ ఉంటది. ఆడోళ్ల అర్రల టీవీ పెడ్త. క్రికెట్ చూసెతందుకు మస్తు మంది వస్తరు."

"మరి ఆడోళ్లు?"

"సీసల పోసుకొని ఇంటికి తీస్కపోతరు. తాగుడే గద. గా అర్రల ఏమున్నదని గింత పరేషానయితున్నవు?"

రాములమ్మ కడిగిన ముంతనే మళ్లీ కడగసాగింది. చెప్పడానికి మాట లేక కాదు. ఆ మాట ఈ మరిదికి చెప్పడం ఎలాగో తెలియక.

ఆమె పెనిమిటి తాటిచెట్టు మీది నుంచి జారిపడి పోయాడు. దుకాణంలో ఈ పని సొసైటీ వాళ్లు ఆ తర్వాతే ఇచ్చారు. పోయినవాణ్ని ఇంట్లో గోడకు పటం కట్టి దండ వేశారు, అంతటితో అతని మాట ఆ ఇంట్లో ఆగిపోయింది. పొరపాటున ఎవరైనా ఎత్తితే అత్త జంగమ్మ ముఖం తిప్పుకునేది. కురుమూర్తి తింటున్న పళ్లెం వదిలి లేచి పోయేవాడు. వాళ్లకు ప్రేమ లేక కాదు, తట్టుకోలేక. కానీ రాములమ్మకు మాత్రం లోపల ఉడుకుతున్న అన్నం మీద మూత బిగించినట్టు ఉండేది. ఒకనాడు ఆడవాళ్ల అర్రలో ముంతలు అందిస్తుంటే, తోటపనికి పోయే ఏసమ్మ ఉన్నట్టుండి, "ఏమన్న అను రాములమ్మా, నీ మొగని అసొంటి కోతలరాయుని నేను చూడలే" అని మొదలుపెట్టింది. చెట్టు కింద దున్నపోతు పడుకుంటే దిగడానికి భయపడి మధ్యాహ్నం దాకా పైనే కూర్చున్నవాడు, దిగొచ్చి మేఘాలు లెక్కపెడుతున్నానని చెప్పాడట. అర్రంతా పగలబడి నవ్వింది. రాములమ్మా నవ్వింది, నవ్వి నవ్వి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని, "మల్లన్న భయపడి కాదు, నేను చెప్త వినుండ్రి" అంది.

పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట మొగుడి పేరు రావడం అదే మొదలు. గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ తప్పుపట్టలేదు. తాజ్‌బీ ఆమె చేతిలో ఇన్ని గుడాలు పోసి, "చెప్పు వదినె, ఆగినవేంది" అంది. అప్పటి నుంచి మల్లన్న ముచ్చట ఆ అర్రలో నడుస్తూనే ఉంది. ఒక్క మల్లన్నదే కాదు, ఇంట్లో నోరు విప్పలేని ప్రతి ఆడదాని ముచ్చటా. ఆ అర్ర పోతే రాములమ్మకు మొగుడు రెండోసారి పోయినట్టే. ఈ సంగతి కురుమూర్తికి చెప్పాలంటే ఆ పేరు ఎత్తాలి. ఎత్తితే అతను లేచి పోతాడు.

సొసైటీలో మాట నడిచింది. కొందరు వద్దన్నారు, కొందరు టీవీ అనగానే మెత్తబడ్డారు. అయితే ఒక్కరోజు చూద్దామని కురుమూర్తి అంగడి రోజున వడ్రంగం చేసే వడ్ల ఆయనను పిలిపించి రెప్పలన్నీ ఊడదీయించాడు, అడ్డచెక్కలూ తీయించాడు. ఆడవాళ్ల అర్రలో సీసాల పెట్టెలు పడేసి తాళం వేశాడు. క్రికెట్ సంగతంటారా, టీవీకి బేరమాడుతుండగానే మనవాళ్లు ఓడిపోయి ఇంటిదారి పట్టారు. అయినా కురుమూర్తి తగ్గలేదు, క్రికెట్ కాకపోతే సినిమాలు అన్నాడు.

దుకాణం తెరిచారు. మొదట వచ్చింది చిన్నయ్య. భజనల్లో ముందు నిలబడి పాడే పెద్దమనిషి. కల్లు వాసన పడదని ఊరందరికీ చెప్పుకుంటాడు. వచ్చి తన మామూలు చోట కూర్చుని ముంత ఎత్తాడు. ఎత్తిన ముంత మీదుగా చూస్తే మూరెడు దూరంలో అల్లుడు రాజు. ఇద్దరూ ఏళ్ల తరబడి పక్కపక్క గూళ్లలో, మధ్యన అంగుళం చెక్క అడ్డంగా, ఒకరి దగ్గు ఒకరు వింటూ తాగుతున్నవాళ్లే.

రాజు లేచి నిలబడి ముంత వీపు వెనక పెట్టాడు. కల్లు కాస్తా అతని పంచె మీద కారింది.

"కూసో అల్లుడా" అన్నాడు చిన్నయ్య, తన ముంతను బండ కిందికి తోస్తూ. "దూప అయితే మంచినీళ్ల కోసం వచ్చిన."

"నేను గూడ గందుకే వచ్చిన మామా."

మామ కూర్చోమన్నంత మాత్రాన అల్లుడు కూర్చోడు కదా. అల్లుడు నిలబడి ఉంటే మామ తాగలేడు కదా. ఇంతలో చిన్నయ్య వియ్యంకుడు వచ్చాడు. చిన్నయ్య లేచాడు. ఆ వెనకే ఆ వియ్యంకుడి పెద్దబావ వచ్చాడు. వియ్యంకుడూ లేచాడు. వచ్చిన ప్రతివాడూ ఎవరినో ఒకరిని లేపుతున్నాడు. కాసేపటికి దుకాణం జనగణమన పాడుతున్న బడిలా తయారైంది. కొందరు కూర్చోమని బతిమాలుతున్నారు, కొందరు మర్యాదలు చేసుకుంటున్నారు, ఒక్కడి గొంతులోనూ చుక్క దిగడం లేదు. సంగతేమిటో చూద్దామని కురుమూర్తి హాలు నడిమికి వచ్చాడు. అక్కడ అతని మేనమామ ఉన్నాడు. కురుమూర్తి కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నవ్వు ఆపుకోవడం రాములమ్మ వల్ల కాలేదు. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. సందువైపు అలికిడి విని తొంగిచూస్తే, తోట నుంచి వచ్చిన ఆడవాళ్లు తాళం ముందు నిలబడి ఉన్నారు.

"ఇయ్యాల అర్ర లేదా?" అంది ఏసమ్మ.

"లేదు."

"రేపు?"

రాములమ్మ తాళం వైపు చూసింది. వాళ్లు కొట్లాడలేదు, తిట్టలేదు. గంపలు నెత్తిన పెట్టుకుని నడిచిపోయారు. వాళ్లు తిట్టి ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు.

పొద్దుగూకేసరికి లొట్లలో కల్లు లొట్లలోనే పులిసిపోయింది. చిన్నయ్య కురుమూర్తిని పక్కకు పిలిచి, "నాయినా, రెప్పలు పెట్టియ్యి. అల్లుని ముంగట రెండో ముంత అడగాల్నంటే నాకు పానం పోతున్నది" అన్నాడు. అందరిదీ అదే మాట. తెల్లారి వడ్ల ఆయన వచ్చి చెక్కలూ రెప్పలూ ఎక్కడివక్కడ బిగించి పోయాడు. మగవాళ్లు గూళ్లలో దూరి, రెప్పలు వాల్చి, నిన్నటి బాకీ కూడా కలిపి తాగారు.

ఆడవాళ్ల అర్ర తాళం మాత్రం తీయలేదు.

"గది టీవీకే" అన్నాడు కురుమూర్తి. "గూళ్ల సంగతి వేరే. మొగోళ్లకు జర చాటుండాలె. అది నాకు సమజయింది."

"ఆడోళ్లకు అక్కర లేదా?"

"ఆడోళ్లు ఇంట్ల ఉంటరు గద వదినె. ఇల్లే చాటు."

ఇల్లు ఆడదానికి చాటట. కురుమూర్తిని ఒక్క పూట కోడలిని చేసి ఇంట్లో కూర్చోబెడితే తెలిసేది. రాములమ్మ ఆ పూట గల్ల ఇంకొకరికి అప్పగించి నేరుగా ఇంటికి పోయింది. జంగమ్మ అరుగు మీద చింతపండు ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి. ఊళ్లో సగం మంది ఆమెను చిన్నమ్మనో అత్తనో అమ్మమ్మనో అంటారు. కొడుకు పోయాక ఆమె దుకాణం గడప తొక్కలేదు.

"అత్తమ్మా, నాకు జర సాయం జేయాలె. ఆడోళ్ల అర్రకు నీ కొడుకు తాళమేసిండు."

"ఏస్తే ఏసిండు. కల్లు ఇంట్ల తాగరాదా?"

"కల్లు కోసం కాదు." రాములమ్మ అరుగు మీద అత్త పక్కన కూర్చుంది. ఉన్నదున్నట్టు చెప్పేసింది. "గాడ నీ పెద్దకొడుకు ముచ్చట్లు చెప్పుకుంటం."

జంగమ్మ చేతిలో చింతకాయ ఆగిపోయింది. అలవాటుగా ముఖం తిప్పుకుంటుందనే రాములమ్మ అనుకుంది. జంగమ్మ తిప్పుకోలేదు.

"ఏం ముచ్చట్లు?"

"అన్ని. చెట్టు మీద కూసొని కేకలేసుడు, దున్నపోతుకు భయపడుడు."

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు మొకం తిప్పుకుంటవని."

"నువ్వు ఏడుస్తవేమోనని తిప్పుకున్ననే పిచ్చిదానా" అంది జంగమ్మ. చేతులు కొంగుకు తుడుచుకుని, కర్ర అందుకుని లేచింది.

మర్నాడు మధ్యాహ్నం బొంబాయి దుకాణం మూల దర్వాజలోంచి ఆడవాళ్లు లోపలికి నడిచారు. ముందు జంగమ్మ, వెనక ఏసమ్మ, తాజ్‌బీ, తోటపని వాళ్లు, అందరి వెనక రాములమ్మ. మగవాళ్ల దర్వాజలోంచి ఆడమనిషి రావడం ఆ దుకాణం ఎరగదు. ఎక్కడి ముంతలక్కడ ఆగిపోయాయి. జంగమ్మ నింపాదిగా నడిచి చిన్నయ్య ఉన్న గూట్లోకే దూరి, అతని పక్కన బండ మీద కూర్చుంది. చిన్నయ్యకు ఆమె వరసకు పెద్దత్త.

"ఏం రా చిన్నయ్యా, ఆగినవేంది? తాగు."

చిన్నయ్య లేచి నిలబడ్డాడు. మిగతా ఆడవాళ్లు తలా ఒక గూడు చూసుకున్నారు. ఏ గూట్లో దూరినా అందులో ఒక మరిదో, కొడుకు వరసవాడో, అల్లుడో ఉండనే ఉన్నాడు. నిన్న బిగించిన రెప్పలు వాలే ఉన్నాయి గానీ, గూట్లోకే వచ్చి కూర్చున్న అత్తను ఏ రెప్ప దాస్తుంది. ఒక్కొక్కడే లేచాడు. జంగమ్మ పేరుపేరునా పిలిచి, చిన్నప్పుడు ఎవరికి ఎన్నిసార్లు ముక్కు తుడిచిందో గుర్తుచేస్తూ, కూర్చుని తాగమని మర్యాద చేసింది. తాగినవాడు లేడు.

కురుమూర్తి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మా, గిదేందే? లేవే. మంది చూస్తున్నరు."

"చూడనీ. అందరు కనబడాలె అని నువ్వే అంటివంట."

"ఆడోళ్లు గీడ కూసోవద్దే."

"మరి యాడ కూసోవాల్నో చెప్పు. చెప్తే గాడికే పోతం." జంగమ్మ కర్రను ఒళ్లో పెట్టుకుని తీరికగా సర్దుకుంది. "లేకుంటే రోజు ఇట్లనే వస్తం. నాకు ఇంట్ల గూడ పనేం లేదు."

నిలబడి ఉన్న మగవాళ్లంతా కురుమూర్తి వైపే చూశారు. చిన్నయ్య చూపులో అయితే బతిమాలడం తప్ప ఇంకేం లేదు. కురుమూర్తి జేబులోంచి తాళంచెవి తీసి వదిన చేతికివ్వబోయాడు. రాములమ్మ తీసుకోలేదు. "వేసినోనివి నువ్వు, తియ్యి కూడ నువ్వే" అంది. అతను సందులోకి పోయి తాళం తీశాడు, సీసాల పెట్టెలు తనే మోసి బయట పెట్టాడు, తన భుజం మీది తువ్వాలుతో బండలు కూడా తుడిచాడు.

ఆ పూట గల్ల దగ్గర కురుమూర్తే కూర్చున్నాడు. రాములమ్మ ముంతలందించడానికి కాకుండా, కూర్చోవడానికి అర్రలోకి పోయింది. కిటికీ రంగులు అప్పటికే నాపరాళ్ల మీదికి దిగాయి. జంగమ్మ గోడకు చేరబడి కాళ్లు చాపుకుంది. ఏసమ్మ రెప్ప వాల్చింది.

"ఇగ చెప్పు" అంది జంగమ్మ కోడలితో. "మొదాలు ఏది చెప్తవు?"

రాములమ్మకు సిగ్గేసింది. అత్త ముందు ఆ పేరు పలకడం ఇంతవరకూ లేదు. ఒక గుక్క తాగి ధైర్యం తెచ్చుకుంది.

"పెండ్లయిన కొత్తల, నేను సద్ది పట్టుకొని చెల్క దిక్కు పోతున్న. మల్లన్న చెట్టు మీద ఉన్నడు. నన్ను చూసి ఊరందరికి వినబడేటట్టు కేకేసిండు. 'రాములూ, మా అమ్మ పండుకున్నది, జల్ది రా' అని. నేను సిగ్గుతోని సద్ది గంప గాడనే పడేసి ఉరికిన."

"నేను యాడ పండుకున్న?" అంది జంగమ్మ. "చెరువుకట్ట మీద కట్టెలు ఏరుతున్న. మొత్తం విన్న."

అర్ర గొల్లుమంది. ఏసమ్మ బండ మీంచి జారిపోయింది. జంగమ్మ నవ్వుతూనే కళ్లు ఒత్తుకుంది, ఒత్తుకుంటూనే, "తిన్నడా మరి ఆ రోజు నా కొడుకు?" అని అడిగింది.

అప్పుడు రెప్ప అవతల బల్ల కిర్రుమంది. పోయడం ఎప్పుడో మానేసి కురుమూర్తి ఆ రెప్పకే చెవి ఆనించి ఉన్నాడు. లేచి పోలేదు. కింది సందు దగ్గర నోరు పెట్టి, గొంతు సవరించుకుని, మెల్లగా అన్నాడు.

"వదినె, జర గట్టిగ చెప్పు. అన్న ఏమన్నడో నాకు వినరాలే."

రాములమ్మ రెప్ప వైపు జరిగి కూర్చుని, ఆ ముచ్చట మొదటి నుంచీ మళ్లీ ఎత్తుకుంది, ఈసారి గోడ అవతలికి కూడా వినబడేటట్టు.